మామయ్యగారి బస్సుకి ప్రాసెసర్

మార్చి 2

ఏరా బావమరిదీ,

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటున్నావని తెలుసు. నవ్వుకో. కిందటేడు ఫ్రిజ్ ఏది కొనాలో ఫోన్లో మాట్లాడుకుంటూ మనిద్దరం ఎంతలా అరుచుకున్నామంటే, ఎవరికేమైందోనని పక్కింటావిడ కంగారుగా వచ్చి తలుపు కొట్టింది. ఆ రోజే మీ అక్క నా ఫోన్ లాక్కుని తీర్పు చెప్పేసింది. "మీరిద్దరూ ఇకమీదట ఏం చెప్పుకోవాలన్నా కాగితం మీద రాసుకోండి. ఇంట్లో చెవులు మిగులుతాయి." ఆవిడ మాట కాదనే ధైర్యం నీకు లేదు. నాకు పెళ్ళైన రోజు నుంచీ లేదు.

అసలు సంగతికొస్తాను. నా కంప్యూటర్ ముసలిదైపోయింది. ఇంకా పునాది కూడా తవ్వని ఇంటికి ఎండా నీడా పెట్టి, కిటికీలో పూలకుండీ పెట్టి, బొమ్మ చేసి కొనేవాళ్ళని మురిపించడం నా ఉద్యోగం కదా. ఒక్క బొమ్మ తయారవడానికి అది పొద్దున టిఫిన్ నుంచి మధ్యాహ్నం భోజనం దాకా తీసుకుంటోంది. మొన్న ఇంట్లో కూర్చుని ఒక హాలు బొమ్మ కోసం ఎదురుచూస్తూ కుర్చీలోనే నిద్రపోయాను. లేచి చూస్తే సగం సోఫా వచ్చింది.

ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. ఆటలు. అంటే ఒక్కటే ఆట. బస్సు నడిపేది. స్టీరింగ్ కూడా కొన్నాను. యాభై ఒకటో ఏట, పొట్ట స్టీరింగుకి ఆనుతుండగా, లేని బస్సుని లేని ఊళ్ళో నడుపుతున్నాను. అందుకని పనికీ ఆటకీ రెంటికీ సరిపోయేలా ఏ ప్రాసెసర్ కొనాలో, దానికి ఏ కూలర్ పెట్టాలో చెప్పు. తొందరగా కావాలి. ఎందుకంత తొందరని మాత్రం అడక్కు.

మామయ్యగారు అలాగే ఉన్నారు. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. కుడిచెయ్యి తేరుకుంటే ఆరు నెలల్లోపే తేరుకోవాలనీ, ఆ తర్వాత బిగుసుకుపోతుందనీ డాక్టరు అంటున్నాడు. వ్యాయామం నేర్పే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే, "నేనేమన్నా పసిపిల్లాణ్ణా" అని బంతిని మంచం కిందకి తోసేశారు. అదింకా అక్కడే ఉంది.

సగం సోఫా సాక్షిగా,
నీ బావ

*

మార్చి 7

బావా,

తపాలా అతను సంతకం పెట్టమనేసరికి కోర్టు నోటీసనుకుని షాపులో కస్టమర్ల ముందే ముచ్చెమటలు పట్టాయి. విప్పితే నువ్వు. ఆ తర్వాత కూడా చెమట ఆగలేదు.

సరే, విను. ప్రాసెసర్ అంటే లోపల కూర్చుని లెక్కలు చేసే పనివాళ్ళ గుంపు. నీ ఇంటి బొమ్మలాంటి పనిని ముక్కలు చేసి పంచిపెట్టొచ్చు. నువ్వు గోడ చెయ్యి, నువ్వు గుమ్మం చెయ్యి అని. అక్కడ ఎంతమంది ఉంటే అంత తొందరగా తెములుతుంది. పదహారు మంది ఉన్న ప్రాసెసర్ నీకు భేషుగ్గా ఉంటుంది. ఆట అలా కాదు. బస్సు ఎటు తిరిగిందో తేలితే గాని తర్వాతి లెక్క మొదలవదు. అక్కడ మంద అక్కర్లేదు, చురుకైనవాళ్ళు ఎనిమిదిమంది చాలు. కాకపోతే కావలసిన సామాను కోసం ప్రతిసారీ దూరంగా ఉన్న గోడౌన్‌కి పరిగెత్తకుండా, వాళ్ళ పక్కనే పెద్ద అల్మరా ఉండాలి. ఆ అల్మరాని క్యాష్ అంటారు.

ఇక కూలర్. ఈ పనివాళ్ళకి వేడెక్కితే చేతులు నెమ్మదిస్తాయి. మరీ వేడెక్కితే ప్రాణభయంతో మొత్తం కట్టేసుకుని కూర్చుంటారు. నీళ్ళు తిప్పే కూలర్ చూడ్డానికి దర్జాగా ఉంటుంది, కానీ పంపు పోతే గోల. రేకుల గోపురానికి ఫ్యాన్ తగిలించిన గాలి కూలర్‌లో ఆ బాధ లేదు. నీ వాడకానికి అదే నయం.

నన్ను ప్రాసెసర్ గురించి ఒక ప్రశ్న అడిగినవాళ్ళు రెండో ప్రశ్న అడగరు. ఎందుకో ఈపాటికి నీకూ తెలిసే ఉంటుంది. ఇప్పుడు నేనడుగుతాను. రోజుకి పని ఎన్ని గంటలు, ఆట ఎన్ని గంటలు? నిజం చెప్పు.

నాన్న సంగతి రాస్తూ ఉండు. నేనొచ్చి చేసేదేముంది. ఉద్యోగం మానేసి ఈ షాపు పెట్టినప్పుడు "బొమ్మల కొట్టు" అన్నారు, మూడేళ్ళలో గుమ్మం తొక్కలేదు. ఆసుపత్రికి వస్తే నన్ను చూసి గోడవైపు తిరిగిపోయారు. మళ్ళీ వచ్చి ఆయన బీపీ పెంచడం దేనికని ఆగిపోయాను.

గంటలు రాయడం మర్చిపోకు.
నీ బావమరిది

*

మార్చి 12

బావమరిదికి,

ఇంట్లో కంప్యూటర్ మీద పని నాలుగు గంటలు. ఆట ఆరు గంటలు.

మళ్ళీ చదువుకోనవసరం లేదు, సరిగ్గానే చదివావు. ఆటలో పడితే నాకు టైము తెలియదు. ప్రతి స్టాపులోనూ బస్సు ఆపాలి కదా, ఎక్కేవాళ్ళు లేకపోయినా సరే. అదొక పద్ధతి. చిక్కల్లా మలుపుల దగ్గరే. మలుపు తిరిగేటప్పుడు బొమ్మ ఒక్క క్షణం ఆగిపోతుంది. మళ్ళీ కదిలేసరికి బస్సు చెప్పుల దుకాణంలో ఉంటుంది. తప్పు చేతిది కాదు, కంప్యూటర్‌ది అని ఎంత చెప్పినా నమ్మరు. అంటే, నాకు నమ్మబుద్ధి కాదు.

మరో రెండు సందేహాలు. కాలితో పనిలేకుండా యాక్సిలరేటర్‌ని స్టీరింగు మీది బటన్‌కి పెట్టుకోవచ్చా? కూలర్ చప్పుడు చెయ్యకుండా ఉంటుందా? కంప్యూటర్ మంచం పక్కనే ఉండాలి మరి.

ఇంతకంటే వివరాలు అడిగితే బాగుండదు.
నీ బావ

*

మార్చి 17

పూజ్యులైన బావగారికి,

మిమ్మల్ని మీరు అని పిలవడం ఇదే మొదటిసారి. పరిస్థితి అంతదాకా వచ్చింది.

పని నాలుగు, ఆట ఆరు, మొత్తం పది గంటలు. మరి ఆఫీసుకి ఎప్పుడు వెళ్తున్నారు? మంచం పక్కన కంప్యూటర్, కాలు కదపకుండా యాక్సిలరేటర్! నాకు లెక్కలు అంతగా రావు గాని ఇంతమాత్రం కూడగలను. మీ ఉద్యోగం పోయింది. మంచం దిగకుండా బస్సు నడుపుతున్నారు. అక్కకి తెలియకుండా దాస్తున్నారు. అందుకే తొందర, అందుకే కారణం అడక్కు అనడం.

నేనూ ఆ గోతిలో పడి లేచినవాణ్ణే. పదో తరగతిలో ఆటల పిచ్చిలో పడి లెక్కల్లో పదకొండు మార్కులు తెచ్చుకుంటే, నాన్న నా గేమ్ డబ్బాని తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేశారు. ఆ రోజు ఆయన్ని తిట్టుకున్నాను. ఇవాళ ఆయన చేసిన పనే నేనూ చేస్తున్నాను. మీకు పదహారు మంది పనివాళ్ళున్న ప్రాసెసర్ ఎంచాను. బొమ్మలు గబగబా వస్తాయి, ఆట అంతంతమాత్రంగా ఆడుతుంది. ఆ రెండోది కావాలనే.

మీ మేనేజరు గారికి కూడా ఒక ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. మనిషి మంచివాడు, ఇంకొక్క అవకాశం ఇవ్వండి అని.

మీ మేలు కోరే,
బావమరిది

*

మార్చి 21

ఓరి నా తండ్రీ,

కొంప ముంచావు కదరా! నా ఉద్యోగానికి ఇన్నాళ్ళూ ఏ ఢోకా లేదు. నీ ఉత్తరం చేరాకే వచ్చింది. మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "ఈ అలవాటు ఎన్నాళ్ళ నుంచి" అని అడిగాడు. ఏ అలవాటో తెలియక సిగరెట్ల గురించి ఒప్పుకున్నాను. అదాయనకి అంతవరకూ తెలియదు.

ఇక దాచి లాభం లేదు. ఆ ఆరు గంటలు నావి కావు. మామయ్యగారివి.

స్టీరింగ్ కొన్నది మాత్రం నేనే, ఆ మచ్చ నాకుండనీ. ఒక ఆదివారం ఆయన మంచానికి ఎదురుగా కూర్చుని నడుపుతున్నాను. ఎత్తు ఎక్కలేక బస్సు మూలుగుతోంది. వెనకనుంచి, "గేరు దించు" అని వినిపించింది. రెండు నెలల్లో తనంతట తానుగా ఆయన అన్న మొదటి మాట అది. నేను కంగారులో హారన్ కొట్టాను. "దించమంటే మోగిస్తావేంటయ్యా, లే అక్కణ్ణించి" అన్నారు. కుర్చీలో కూర్చోబెట్టాం. కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి తనే స్టీరింగు మీద పెట్టుకున్నారు. బంతి పిసకని చెయ్యి ఆ రోజు నలభై నిమిషాలు చక్రం పట్టుకుంది. మీ అక్క వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. నేను అక్కడే ఏడ్చాను, నాకు వంటింటి దాకా వెళ్ళే ఓపిక లేదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు డ్యూటీ. కానీ మలుపులో బొమ్మ ఆగి బస్సు గుద్దుకుంటోంది. ముప్పై నాలుగేళ్ళు నడిపి బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషి. అది తన చేతి తప్పే అనుకుంటున్నారు. "అయిపోయిందయ్యా, ఈ చెయ్యి ఇక రాదు" అని నాలుగు రోజులుగా కుర్చీ ఎక్కలేదు. ఆరు నెలల్లో ఐదో నెల నడుస్తోంది.

నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. నీ ఆట డబ్బా ఇచ్చేసిన మనిషి ఇప్పుడు ఆట ఆడుతున్నాడంటే నీ ముందు ఏం ముఖం పెట్టుకోవాలని ఆయన బాధ. ఆ ఒట్టు కోసమే ఇంత వయసొచ్చి నీ చేత చివాట్లు తిన్నాను.

నా బొమ్మలు ఏమైనా పర్లేదు. సగం సోఫా నాకు అలవాటే. ఆయన బస్సు మలుపులో ఆగకూడదు.

నీ బావ

*

మార్చి 25

బావా,

నీ ఉత్తరం కౌంటర్ దగ్గర నిలబడి చదివాను. షట్టర్ సగం దించుకుని లోపల కాసేపు కూర్చున్నాను. నన్ను తిట్టు, ఎంత తిట్టినా తక్కువే. మీ మేనేజరు గారికి క్షమాపణ ఉత్తరం రాయనా? వద్దులే, నేను ఉత్తరాలు రాయకపోతేనే నీకు మంచిది.

పదహారు మందిని తీసేశాను. ఎనిమిదిమంది చురుకైనవాళ్ళు, పక్కనే ఉన్నవాటిల్లోకెల్లా పెద్ద అల్మరా. మలుపులో ఆగదు. నీ బొమ్మలు కూడా మరీ పాతకాలంలా ఉండవు, టిఫిన్‌కి మొదలుపెడితే పదకొండు గంటల టీకల్లా వచ్చేస్తాయి. యాక్సిలరేటర్ బటన్ సంగతి నేనే సర్ది పంపిస్తాను. అన్నీ నా చేత్తోనే బిగిస్తాను. అట్టపెట్టె మీద మా షాపు స్టిక్కర్ ఉంటే గీకెయ్యి. ఇక్కణ్ణించి వచ్చిందని తెలిస్తే ఆయన ముట్టుకోరు. నేను పంపానని చెప్పకు, నీకు మళ్ళీ ఇంకో ఒట్టు.

కూలర్ విప్పడం లాంటి సాహసాలు నువ్వు చెయ్యొద్దు. అయినా అవసరానికి ఉంటుందని పూతమందు గొట్టం ఒకటి పెట్టెలో వేస్తున్నాను. వేడి దాటడానికి ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసేది అదే.

నీ బావమరిది

*

ఏప్రిల్ 4

మహానుభావా,

పెట్టె వచ్చింది. స్టిక్కర్ గీకాను, గోరు ఊడింది. మామయ్యగారికి కొత్త కంప్యూటర్ అని చెప్పి, బతిమాలి, అలిగి, చివరికి నేను బస్సు వెనక్కి పోనిస్తూ ఆయన కళ్ళముందే మూడు స్తంభాలు గుద్దితే, చూడలేక లేచారు.

మొదటి మలుపు. బొమ్మ ఆగలేదు. రెండోది, మూడోది. ఆయన భుజాలు దిగాయి. సరిగ్గా ఏడో నిమిషంలో తెర నల్లబడిపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఏడు నిమిషాలు. ఇక ఈయన జన్మలో కుర్చీ ఎక్కరనుకున్నాను. కానీ ఆయన తల పక్కకి వంచి చెవి పెట్టి విన్నారు. "ఇది నా చెయ్యి కాదు" అన్నారు. నెల రోజుల నుంచి నేను చెప్పి చెప్పి అలిసిపోయిన మాట అది.

"లోపల వేడెంతో చూపిస్తుందా ఇది?" అని అడిగారు. చూశాను. తొంభై ఏడు. డబ్బా పక్క తలుపు తీయించి, ఆ రేకుల గోపురం మీద చెయ్యి పెట్టమన్నారు.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది మామయ్యా. బాగా పని చేస్తోందన్నమాట."

"నీ తలకాయ. ఇంజన్ కాలిపోతుంటే రేడియేటర్ చల్లగా ఉండటమేంటి? వేడి దాని దాకా రావట్లేదు. మధ్యలో ఏదో అడ్డం ఉంది. విప్పు."

విప్పొద్దన్నావు కదా, నేను నసిగాను. "విప్పమంటున్నానా" అన్నారు. స్విచ్చి తీశాను. టార్చి లైటు ఆయన పట్టుకున్నారు. ఏ చేత్తోనో చెప్పనా? కుడిచేత్తో. వణుకుతూనే ఉంది, కానీ వదల్లేదు.

స్క్రూడ్రైవర్ పెట్టబోతుంటే "ఆగు" అన్నారు. టార్చి ఇంకా దగ్గరికి తెచ్చారు. నాలుగు స్క్రూల మీదా, స్క్రూ తల నుంచి పక్కనున్న లోహం దాకా, తెల్ల పెయింటుతో ఒక్కో గీత ఉంది. నేనైతే కంపెనీ వాళ్ళు పెట్టారనుకునేవాణ్ణి. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత, "ఎదురెదురువి, కొంచెం కొంచెంగా విప్పు" అన్నారు.

కూలర్ ఊడి వచ్చింది. దాని అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర. దాని మీద ఎర్ర అక్షరాలతో, బిగించే ముందు ఈ పొర తీసివేయండి అని రాసి ఉంది. నాకు కూడా అర్థమయ్యేంత పెద్ద అక్షరాలు!

పొర పీకాం, నీ పూతమందు రాశాం, బిగించాం. తొంభై ఏడు కాస్తా అరవై రెండైంది. అప్పుడడిగారు, "ఈ డబ్బా ఎక్కడ కొన్నావు?"

"ఏదో షాపులో."

"ఆ షాపతనికి ఈ గీత పెట్టడం ఎవరు నేర్పారు?"

"నాకేం తెలుసు మామయ్యా."

"నాకు తెలుసు" అని స్టీరింగు పట్టుకున్నారు. రెండు గంటలు నడిపారు. ఒక్క దుకాణంలోకీ పోలేదు.

ఇప్పుడు నన్ను కాపాడాల్సింది నువ్వే.
రెండు ఒట్లూ పోగొట్టుకున్న బావ

*

ఏప్రిల్ 8

బావా,

నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి చదివి, మళ్ళీ పెట్టుకున్నాను. ఎర్ర అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కళ్ళు మూసుకుంటున్నాను.

మూడేళ్ళలో ఎన్నో కంప్యూటర్లు బిగించాను. ఆ పొర తియ్యకుండా పంపింది ఇదొక్కటే. కొత్తవాళ్ళు అలా చేసి తెస్తే, వాళ్ళ ముందే నవ్వి, ఆ పొరని గోడకి అంటించి పెడతాను. నా గోడ మీద పద్నాలుగు ఉన్నాయి. పదిహేనోదానికి చోటు ఖాళీ చేశాను, పంపించు.

ఎలా జరిగిందో చెప్తాను. మొదట వేరే కూలర్ పెట్టి రోజంతా నడిపి చూశాను, అంతా బాగుంది. పార్సిల్ బండి గుమ్మం ముందుకి వచ్చాక, ఫ్యాన్ చప్పుడు ఆయన్ని ఇబ్బంది పెడుతుందేమోనని అనుమానం వచ్చింది. అంతకంటే పెద్దది, నెమ్మదైనది తెచ్చి మార్చాను. బండివాడు హారన్ కొడుతున్నాడు. నాన్న వాడే వస్తువు నేను బిగించడం జీవితంలో మొదటిసారి బావా. పొర మర్చిపోయాను, గీత మాత్రం మర్చిపోలేదు.

ఆ గీత ఆయన నేర్పింది కాదు. చిన్నప్పుడు డిపోకి వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. బస్సు తీసేముందు చక్రాల నట్లు బిగించి, ఒక్కోదాని మీదా తెల్ల గీత పెట్టేవారు. నట్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. నేను ఏ స్క్రూ బిగించినా నా చెయ్యి దానంతటదే పెట్టేస్తుంది. ఆయన గుర్తుపడతారని కలలో కూడా అనుకోలేదు.

రావాలని ఉంది. చాలా ఉంది. కానీ ఆసుపత్రిలోలా మళ్ళీ గోడవైపు తిరిగితే నేను తట్టుకోలేను. పైగా ఇప్పుడు ఆ ప్లాస్టిక్ పొర కూడా ఆయన చేతిలో ఉంది. బొమ్మల కొట్టు అన్న మాట నిజమే అయింది కదా. రానా, వద్దా? ఆయన్ని అడిగి రాయి. అడిగే ధైర్యం లేకపోతే అక్కనడిగి రాయి.

పదిహేనో మూర్ఖుడు,
నీ బావమరిది

*

ఏప్రిల్ 12

బావమరిదికి,

ధైర్యం చేసి నేనే అడిగాను. మీ అక్క గుమ్మంలో నిలబడి ఉంది కాబట్టి ధైర్యం వచ్చింది.

ఆసుపత్రి మాట ఎత్తగానే ఆయన బస్సుని పక్కకి తీసి, ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేశారు. "ఆ రోజు నా మూతి ఒక పక్కకి వంకరపోయింది. చొంగ కారుతోంది. వాడు అలా చూడకూడదని తిరిగాను. వాడికి కోపంగా కనిపించిందా?" అన్నారు. కనిపించిందన్నాను. ఐదు నెలలు ఆయనేమో కొడుకు కోపంతో రావట్లేదని, నువ్వేమో తండ్రి కోపంతో తిరిగారని, మధ్యలో నేను ఇద్దరికీ ఒట్లు వేస్తూ తిరిగాను. ఈ ఇంట్లో తెలివైనవాణ్ణి నేనేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను చూడు.

నిన్న వ్యాయామం నేర్పే అమ్మాయి వచ్చి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే మడిచి చూసి, "బంతి బాగా పిసుకుతున్నట్టున్నారే" అంది. ఆయన ఔనన్నారు. నేను ఫ్యానువైపు చూశాను.

ఈ పొద్దున కాగితం, పెన్ను అడిగారు. జబ్బు చేశాక ఆ చేత్తో రాయడం ఇదే మొదలు. ఈ కింది నాలుగు ముక్కలకి గంటకి పైనే పట్టింది. నన్ను చదవద్దన్నారు, అందుకని వరసగా రెండుసార్లే చదివాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఓపిగ్గా చూడు. ఆయన కాగితం దీనికే పిన్ను కొడుతున్నాను.

నీ బావ

*

చిన్నోడికి,

గీతలు లావుగా పెట్టావు. సన్నగా ఉండాలి.

ప్లాస్టిక్ గురించి కుమిలిపోకు. నేనూ ఒకసారి హ్యాండ్‌బ్రేక్ తియ్యకుండా మూడు స్టాపులు నడిపాను. కాలిన వాసన వస్తే ఎవరో సిగరెట్టు కాలుస్తున్నారని బస్సంతా కేకలేశాను. పాపం ఒక ముసలాయన దిగిపోయాడు. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా.

రా.

నాన్న